గోడ మీది సముద్రం, వెనక తలుపు

నా చిన్నప్పుడు సిద్దిపేటలో సముద్రం చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, బస్టాండు వెనక సందులో ఉన్న మా తాతయ్య లాడ్జికి వస్తే సరిపోయేది. కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక, నీలం నీళ్ళు, ఆ నీళ్ళ ఒడ్డున గులాబీ రంగు చిన్న హోటలు, అన్నీ మా వరండా గోడకి ఒకే మేకు మీద వేలాడుతూ ఉండేవి. అది పాత క్యాలెండరు బొమ్మ. గది ఖాళీ చేసిన బట్టల ఏజెంటు ఒకాయన మరిచిపోయి వెళ్ళాడు. తాతయ్య తేదీల కాగితాలు చింపేసి, బొమ్మకి అద్దం కట్టించి, దేవుళ్ళ పటాల కంటే జానెడు పైన పెట్టాడు. ఆ జానెడు గురించి మా నాయనమ్మకీ ఆయనకీ మొదలైన వాదన నేను పెళ్ళయి పోయేదాకా తెగలేదు.

బొమ్మ కింద ఇంగ్లీషులో రెండు ముక్కలు ఉండేవి. ఎవరో పంతులుగారు గది తీసుకున్నప్పుడు వాటిని చదివి, ఇది కరీబియన్ సముద్రం, వెస్టిండీస్ దీవుల్లోది అని చెప్పి పోయాడట. రేడియోలో క్రికెట్ వినేవాళ్ళకి ఆ రోజుల్లో వెస్టిండీస్ అంటే భయంకరమైన బౌలర్లు. మా తాతయ్యకి మాత్రం అక్కడ ఒక హోటలుందన్నదే ముఖ్యం. ఎంతైనా ఇద్దరిదీ ఒకే వ్యాపారం కదా.

మాది నాలుగు గదుల లాడ్జి. నవారు మంచాలు, ఒక వరండా, వెనక పెరట్లో నీళ్ళ తొట్టి. దవాఖానకు వచ్చినవాళ్ళు, కోర్టు వాయిదాలకు వచ్చినవాళ్ళు, ఆఖరి బస్సు తప్పిపోయినవాళ్ళు, వీళ్ళే మా గిరాకీ. సంతోషంగా ఉన్న మనిషి మా లాడ్జిలో దిగడం నేను చూడలేదు. అయితే సాయంత్రం తాతయ్య ఆ బొమ్మ కింద కుర్చీ వేసుకుని హోటలు చరిత్ర ఎత్తుకున్నాడంటే, పొద్దున వాయిదా పడ్డవాడు కూడా బీడీ ఆర్పేసి దగ్గరికి జరిగేవాడు.

ఆ కట్టడం మొదట హోటలు కాదట, చక్కెర గోదామట. దీవి నిండా చెరుకు తోటలట. మన దేశం నుంచి కూడా జనాన్ని ఓడల్లో పట్టుకుపోయి ఆ తోటల్లో చెరుకు కొట్టించారట. (ఈ ముక్క నిజమేనని చాలా ఏళ్ళకి ఎవరో చెబితే అందరికంటే ఎక్కువ నేనే నోరు తెరిచాను.) తోటలు పాడయ్యాక గోదాము గబ్బిలాల పాలయింది. ఒక గాలివానకి పగిలిన ఓడ ఆ ఒడ్డుకి కొట్టుకొచ్చింది. మొగుడు పోయిన ఒక దొరసాని ఆ ఓడ చెక్కలు ఏరించి, గోదాము మీద మేడ వేయించి, గులాబీ రంగు పూయించి, వచ్చేవాళ్ళకి పక్క పరిచింది. ఓడ చెక్కలు కాబట్టి వాటికి ఊగే గుణం పోలేదు. మేడ మీద నేల ఒక పక్కకి వాలి ఉంటుంది. రాత్రి బల్ల మీద పెట్టుకున్న నిమ్మకాయ తెల్లారేసరికి దొర్లుకుంటూ వరండాలోకి వస్తుంది. ఎవరి నిమ్మకాయ ముందు వస్తే వాళ్ళకి ముందు చాయ్. గదులకి నంబర్లు లేవు. ఒక్కో గదికి ఒక్కో గవ్వ. చెవికి పెట్టుకుని, ఏ గవ్వలో హోరు నచ్చితే ఆ గదిలో దిగాలి. మేడ మీద చివరి కిటికీలో దీపం పెడతారు. చేపలకి పోయినవాళ్ళు దాన్ని చూసి ఇల్లు చేరతారు.

ఇక వంటవాడు, చెరుకు కొట్టడానికి పోయిన మనవాళ్ళ మనవడు. పొద్దున్నే మన ఇళ్ళల్లోలాగే బియ్యప్పిండితో సర్వపిండి తట్టి పెడతాడు.

మా లాడ్జి ఎదురుగా చాయ్ హోటలు నడిపే మామ ఉండేవాడు. ఆయన చాయ్‌లో అల్లం తక్కువ, నాలుక మీద ఎక్కువ. సర్వపిండి దగ్గరికి రాగానే రోడ్డు అవతలి నుంచి అరిచేవాడు.

"కాకా, సముద్రమొడ్డుకు సర్వపిండి ఎట్ల పోయింది? బస్సుల పోయిందా, ఓడల పోయిందా?"

"నీ చాయ్ ఎట్ల చాయ్ అయిందో గట్లనే పోయింది" అనేవాడు తాతయ్య, కుర్చీ కదలకుండా.

"మనూరి కోమటి చెరువు కట్ట దాటనోడు కరీబియన్ సముద్రం చెప్తుండు, వినున్రి!"

బెంచీ మీద వాళ్ళంతా నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. నోరున్న పిల్లని. బళ్ళో నన్ను కూచోబెట్టిన రోజుల కంటే నిలబెట్టిన రోజులే ఎక్కువ. ఆ తర్వాత కొన్నాళ్ళకే బడికీ నాకూ రాజీ కుదిరింది, నేను దాని జోలికి పోను, అది నా జోలికి రాదు అని. కానీ మా తాతయ్య సముద్రం చూశాడనే విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు. చూడకపోతే నిమ్మకాయ సంగతి ఎలా తెలుస్తుంది?

ఆ చాయ్ బెంచీ గురించి ఇంకో మాట చెప్పాలి. మా ముందు తలుపు సరిగ్గా దానికి ఎదురుగా తెరుచుకునేది. లాడ్జిలోంచి సంచితో బయటికి అడుగు పెట్టిన ప్రతివాడినీ బెంచీ మీద వాళ్ళు "ఏమాయె అన్నా, పనైందా?" అని అడిగేవాళ్ళు. అది మా ఊరి మర్యాద. అడగకపోతే తప్పన్నట్టు అడిగేవాళ్ళు. మాకు వెనక పెరట్లో ఇంకో తలుపు ఉండేది. అది పక్క సందులోకి పోతుంది. దాని గడియ తాతయ్య ఎప్పుడూ వేయనిచ్చేవాడు కాదు. తీసినచోటే అది తుప్పు పట్టింది. అందులోంచి కుక్క దూరి రొట్టెల పిండి నాకేసి పోతోందని నాయనమ్మ తిట్టని రోజు లేదు. "కుక్క ఒక్కటే రాదు, ఇంకోటేమన్న పోతది, ఉండనియ్యి" అనేవాడు తాతయ్య. ఏం పోతుందో చెప్పేవాడు కాదు.

ఒక వానాకాలం ముసురు పట్టింది. వాగులు పొంగి పల్లె బస్సులు ఆగిపోయాయి. ధూళిమిట్ట పోవాల్సిన ఒకాయన ఇనప పెట్టెతో, కూతురితో తడిసి ముద్దయి మా లాడ్జికి వచ్చాడు. బొంబాయి నుంచి వస్తున్నాడట. దారిలో ఒక పల్లెలో చుట్టాలింట్లో ఉంటున్న కూతురిని తీసుకుని సొంతూరికి బయల్దేరాడట, ఇంతలో వాన. ఆ పిల్లది నా వయసే. రెండు జడలు, మోకాళ్ళ దాకా బురద, ఆ బురదలో కూడా ఎక్కడా తగ్గని మెడ. వచ్చీ రాగానే గోడ మీది బొమ్మ చూసింది.

"గిదేంది?"

"సముద్రం. మా తాత పోయొచ్చిండు" అన్నాను నేను, నిన్ననే పోయొచ్చాడన్నట్టు.

"ఓడల పోయిండా?"

ఈ ప్రశ్న నాకు ఎవరూ వేయలేదు. "మరి నడుసుకుంట పోతడా?" అన్నాను.

"మా నాయిన ఓడల్లనే పని చేస్తడు. మా నాయిన జూడని సముద్రమే లేదు. గీ హోటల్ గూడ జూసే ఉంటడు. మీ తాత చెప్పేది నిజమో అబద్ధమో మా నాయిన చెప్తడు."

"చెప్పమను! మా తాతకేం భయమా?"

ఇదంతా వరండా మెట్ల మీద జరిగింది. వానకి గిరాకీ లేక ఈగలు తోలుకుంటున్న చాయ్ మామ చెవిన పడింది. ఆయనకి పండగ దొరికింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పంచాయితీ అని అప్పటికప్పుడు ఖాయం చేసేశాడు. ఓడ మనిషి సాక్షి, మా తాతయ్య ముద్దాయి, చాయ్ మామ జడ్జి. బస్సులు లేక ఇరుక్కున్న వాళ్ళందరికీ కబురు పోయింది. నేనూ ఆ రెండు జడల పిల్లా చెరో స్తంభానికి ఆనుకుని, ఎవరి మనిషి గెలుస్తాడో చూద్దామన్నట్టు ఒకరినొకరు చూసుకున్నాం.

ఆయన్ని నేను అప్పుడే ఓడ మామ అనడం మొదలుపెట్టాను. ఓడ మామ తడిసిన బట్టలు విడిచి, పెరట్లో తొట్టి దగ్గర స్నానానికి కూచున్నాడు. తాతయ్య వేణ్ణీళ్ళ బకెట్ తెచ్చి పెట్టాడు. నేను వెనకాలే చెంబు పట్టుకొచ్చాను.

ఇక్కడ మా తాతయ్య భుజం గురించి చెప్పాలి. లాడ్జి పెట్టక ముందు ఆయన గంజ్‌లో హమాలీ. ధాన్యం బస్తాలు మోసి మోసి కుడి భుజం మీద మెడ పక్కన గుండ్రంగా ఒక కాయ కాసింది. నేను పసిపిల్లగా ఉన్నప్పుడు దాన్ని వేలితో నొక్కితే ఆయన "పోం" అని బస్సు హారను కొట్టేవాడు. అందుకని దాని పేరు హారను. లోకంలో మా తాతయ్యకి ఒక్కడికే ఉంటుందనుకునేదాన్ని.

ఓడ మామ వంగి నీళ్ళు పోసుకుంటుంటే, అదే భుజం మీద, అదే చోట, అలాంటిదే ఇంకోటి కనపడింది.

"తాతా! గీయనకు గూడ హారను ఉన్నది!"

ఓడ మామ చటుక్కున తువ్వాలు భుజం మీద వేసుకున్నాడు. తాతయ్య నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఎవరో నిద్రపోతున్న గదిలో నేను గిన్నె పడేసినట్టు చూశాడు. "పోయి చాయ్ పట్టుకరా పో" అన్నాడు మెల్లగా. తర్వాత ఇంకో బకెట్ వేణ్ణీళ్ళు తెచ్చి పెట్టాడు. ఒక మనిషికి రెండు బకెట్ల వేణ్ణీళ్ళు ఇవ్వడం నేను చూడటం అదే మొదలు.

మధ్యాహ్నం వరండా నిండిపోయింది. చూరు నుంచి నీళ్ళు తెరలా కారుతున్నాయి. చాయ్ మామ స్టూలు తెచ్చుకుని నడిమధ్యన కూచున్నాడు.

"అన్నా, నువ్వు దేశాలు తిరిగినోనివి. మా కాక ఇన్నేండ్ల సంది మా చెవుల్ల గీ హోటల్ పోస్తుండు. గోదామంటడు, దొరసానంటడు, నిమ్మకాయ ఉరుకుతదంటడు. నువ్వు పోయినవా లేదా? ఉన్నదా లేదా? ఒక్కటే మాట చెప్పు, ఇయ్యాల తేలిపోవాలె."

ఓడ మామ లేచి బొమ్మ ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. రెండు జడల పిల్ల మెడ ఇంకో అంగుళం పెరిగింది. నేను మాత్రం ఆయన చేతులు చూస్తున్నాను. తువ్వాలు కొస మెలి పెడుతున్నాడు, విప్పుతున్నాడు, మళ్ళీ మెలి పెడుతున్నాడు. తప్పు లెక్క చేసి బోర్డు ముందు నిలబడ్డప్పుడు నేను గౌను అంచుని అలాగే మెలి పెట్టేదాన్ని. ఆ మెలిక నాకు బాగా తెలుసు. ఈయన అక్కడికి పోనేలేదని అప్పుడే నాకు అర్థమయింది. ఈయన ఉందంటే అబద్ధం, లేదంటే ఇంకో అబద్ధం. చూడలేదంటే ఆ పిల్ల ముందు ఏమైపోతాడు?

"ఏందన్నా, లంగరు ఎత్తుతున్నవా?" అన్నాడు చాయ్ మామ. అందరూ నవ్వారు. ఆ పిల్ల నవ్వలేదు. "చెప్పు నాయినా" అంది.

తాతయ్య కుర్చీలోంచి లేచాడు. లేచి, ఆ కుర్చీని ఓడ మామ వెనకకి జరిపాడు.

"కూసో తమ్మీ. అరేయ్, నీకు తెల్వదు, ఊకె అడుగుతవు" అన్నాడు చాయ్ మామ వైపు తిరిగి. "ఓడల కాడ పనిచేసేటోనికి హోటళ్ళకు పోయే పురసత్ ఎక్కడిది? మాల్ దింపుడు, మాల్ ఎక్కిచ్చుడు, గంతల్నే పొద్దుగూకుతది. హోటళ్ళకు పోయేది మనసొంటి పనిలేనోళ్ళు. హోటల్ సంగతి నాకిడిసిపెట్టు. తమ్మీ, నాకు తెల్వంది ఒక్కటే. రేవు ఎట్లుంటది? గది నువ్వు చెప్పు. నా కథల రేవు కాడికి రాంగనే నాకు మాట దొరకది."

ఓడ మామ తాతయ్య వైపు చూశాడు. తాతయ్య తన కుడి భుజం రుద్దుకుంటున్నాడు, వానకి నొప్పి పుట్టినట్టు.

ఆయన కూచున్నాడు. మెల్లగా మొదలుపెట్టాడు. రేవులో తాళ్ళు మనిషి తొడంత లావుంటాయన్నాడు. ముసురు పట్టినప్పుడు చక్కెర బస్తాకి చెమట పోస్తుందనీ, మోసినవాడి వీపంతా జిగటగా అయి చీమలు వెంట పడతాయనీ చెప్పాడు. వరండా నవ్వింది. నీళ్ళ మీద నూనె తేలి ఎండలో ఇంద్రధనుస్సులు పడతాయట. ఒక్కో దేశం ఓడకి ఒక్కో వాసన ఉంటుందట. కళ్ళు మూసుకుని కూడా ఫలానా ఓడ వచ్చిందని చెప్పగలడట. చెబుతూ చెబుతూ ఆయన వీపు నిటారైంది. తువ్వాలు ఎప్పుడో భుజం మీంచి జారిపోయింది, ఆయన చూసుకోలేదు.

"ఓడ కదిలేటప్పుడు జూడాలె పెద్దయ్యా. తాడు ఇప్పంగనే కదలది. ఆలోచన జేస్తున్నట్టు ఉంటది. గా తర్వాత రాయికి ఓడకు నడుమ నీళ్ళు కనవడ్తయి. ముందుగాల జానెడు. దుంకితే అందుకోవచ్చు అనిపిస్తది. గంతల్నే మనిషంత. ఇంక దుంకలేం. గప్పుడు కూత వేస్తది, రొమ్ముల కెళ్ళి ఇనవడ్తది. ఓడ మీదోళ్ళు చేతులు ఊపుతరు. ఎవలెవలికో ఊపుతరు. మనం గూడ ఊపుతం."

చాయ్ మామ గ్లాసులో చాయ్ చల్లారిపోయింది. ఆయన తన చాయ్ చల్లారనిచ్చిన రోజు నాకు అదొక్కటే గుర్తు.

అప్పుడు ఆ పిల్ల అడిగింది. "నాయినా, గప్పుడు నువ్వు ఓడ మీద ఉంటవా, ఒడ్డు మీద ఉంటవా?"

నేను తాతయ్య వైపు చూశాను, ఏదైనా అడ్డం వేస్తాడేమోనని. ఆయన నేల చూస్తున్నాడు.

ఓడ మామ కూతురిని దగ్గరికి పిలిచాడు. "ఒడ్డు మీద బిడ్డా" అన్నాడు. "తాడు ఇప్పేటోడు ఒడ్డు మీదనే ఉండాలె గద. నేను ఎన్నడు ఓడ ఎక్కలేదు."

ఆ పిల్ల ఆలోచించింది. నుదురు ముడి పడింది, విప్పుకుంది. తర్వాత అది గిర్రున నా వైపు తిరిగింది. మెడ మునుపటికంటే పొడవుగా ఉంది.

"ఇన్నవా? మా నాయిన తాడు ఇప్పకుంటె ఓడ కదలనే కదలది!"

ముందుగా నవ్వింది చాయ్ మామే. స్టూలు మీంచి పడబోయాడు. తర్వాత వరండా అంతా నవ్వింది, ఓడ మామ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు, ఎందుకు అడ్డం పెట్టుకున్నాడో నాకు అప్పుడు తెలియలేదు. "జడ్జిగారూ, ఎవలు గెలిసిన్రు?" అని ఎవరో అడిగితే చాయ్ మామ, "కేసు వాయిదా! అందరికి నా దిక్కెళ్ళి చాయ్" అన్నాడు. అందులో ఆ రోజు అల్లం కూడా ఉంది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. వాగు తగ్గింది, బస్సు పోతుందని కబురొచ్చింది. తాతయ్య పొద్దున్నే లేచి పెరట్లో వెనక తలుపు బార్లా తెరిచి, యథాలాపంగా అక్కడ ఊడుస్తున్నట్టు నిలబడ్డాడు. మా తాతయ్య చీపురు పట్టడం ఎవరూ చూడలేదు కాబట్టి నాయనమ్మ కంగారు పడి జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది. ఓడ మామ పెట్టెతో నడవాలోకి వచ్చాడు. వెనక తలుపు చూశాడు, తాతయ్యని చూశాడు. దండం పెట్టాడు. పెట్టెని ఎత్తి సరిగ్గా ఆ హారను మీద పెట్టుకుని, కూతురిని ముందు నడిపించి, ముందు తలుపులోంచే బయటికి పోయాడు.

బెంచీ ఊరుకుంటుందా. "ఏమాయె అన్నా, మళ్ల ఏ ఓడకు?"

"ఎన్నొస్తె గన్నింటికి!" అన్నాడు ఓడ మామ, వెనక్కి తిరక్కుండానే.

వాళ్ళు మలుపు తిరిగాక తాతయ్య పక్కన చేరి అడిగాను. "తాతా, నిజం చెప్పు. నువ్వు సముద్రం జూసినవా?"

"నేనా? కోమటి చెరువే ఒక దిక్కు నుంచి జూసిన, అవతలి దిక్కు ఎట్లుంటదో నాకు తెల్వది" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను రెండూ చేశాను. ఆయన నా జడ సర్ది, ఆ తుప్పు గడియ మీద చెయ్యి వేసి చెప్పాడు. ఈ ఊరికి పని మీద వచ్చినవాళ్ళల్లో పనైనవాళ్ళ కంటే కానివాళ్ళే ఎక్కువట. కానివాడు పొద్దున్నే ఆ బెంచీ ముందు నుంచి పోవాలంటే ఎంత కష్టమో చూడమన్నాడు. "నలుగుట్ల మనిషిని నిలవెట్టి అడిగినప్పుడు, వాడు పోయేతందుకు ఇంకో తొవ్వ ఉండాలె బిడ్డా. ఎనకకెళ్ళి పోతడా, ముందటికెళ్ళి పోతడా, వాని ఇష్టం. తొవ్వ ఐతె మనం బంద్ చెయ్యొద్దు."

"మరి ఆ హోటల్‌కు వెనక తలుపు ఉన్నదా?"

"లేకుంటె గది హోటలెట్లయితది?" అన్నాడు, చూసొచ్చినవాడిలా.

ఆ సాయంత్రం నుంచి హోటలు చరిత్రలో ఒక ముక్క పెరిగింది. మేడ మీద చివరి కిటికీలో దీపం చేపలవాళ్ళ కోసం మాత్రమే కాదట. అందరినీ ఓడ ఎక్కించి, తాడు విప్పి, ఒడ్డు మీదే మిగిలినవాడు ఒకడు రేవు నుంచి నడుచుకుంటూ వస్తాడట. వాడికి గవ్వ ఇవ్వరు, ఏ గది కావాలో అడగరు. ఆ దీపం గది వాడిదే. ఈ ముక్క వచ్చినప్పుడు చాయ్ మామ ఎన్నడూ అడ్డం పడలేదు. సర్వపిండి దగ్గర మాత్రం వదల్లేదు.

ఇప్పుడు ఆ లాడ్జి లేదు, అక్కడ అద్దాల తలుపుల దుకాణాలు లేచాయి. బొమ్మ నా దగ్గరే ఉంది. నాయనమ్మ ఆత్మశాంతి కోసం దేవుళ్ళతో సమానంగా పెట్టాను, పైన కాదు. మా మనవడు ఫోన్‌లో నిజం కరీబియన్ హోటళ్ళు చూపిస్తానంటాడు. నిమ్మకాయ దొర్లుతుందో లేదో చూసి చెప్పమంటాను. వాడికి అర్థం కాదు.

నాది గాజుల కొట్టు. వచ్చినవాళ్ళ చేతులు నా చేతుల్లో ఉంటాయి కాబట్టి నోరు నాది ఊరుకోదు. కొత్త కోడళ్ళని, ముసలి అత్తల్ని, ధర అడిగి పోయేవాళ్ళని, ఎవరినీ వదలను. ఒక్కోసారి ఎదుటి మనిషి మళ్ళీ నోరెత్తలేని మాట నాలుక చివరికి వస్తుంది. బాగా పేలే మాట. సరిగ్గా అప్పుడే ఎక్కడో ఒక తుప్పు గడియ కిర్రుమంటుంది. ఆ మాట మింగేసి, "నాకేం తెలుసు తల్లీ, నువ్వే చెప్పు" అని కాస్త పక్కకి జరుగుతాను. వాళ్ళు చెబుతారు. చాలామంది, ఓడ మామలాగే, ముందు నుంచే పోతారు.